పనామా లాకుల్లో నేను చూపించని చుట్టు

సముద్రానికి హద్దు గీసి, అలను ఇంతవరకే రమ్మన్న దేవునికి స్తోత్రము. ముప్పై ఏళ్ళకు పైగా నీటి మీద తిరిగిన నన్ను క్షేమంగా ఒడ్డుకు చేర్చి, ఈ వేళ యానాం ఫరంపేటలో నా ఇంటి వసారాలో కూర్చోబెట్టి, చేతికి కలమిచ్చిన ఆయన నామమునకు మహిమ కలుగును గాక. ఈ నాలుగు పేజీల్లో నా గొప్ప ఎక్కడైనా కనబడితే అది నా పొరపాటు. కృప కనబడితే అది ఆయనది.

మన సంఘం నుంచి ఈ మధ్య చాలామంది పిల్లలు ఓడల ఉద్యోగాలకు వెళ్తున్నారు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి ప్రార్థన చేయించుకుంటారు. "అంకుల్, సముద్రం మీద జాగ్రత్తలేంటండి?" అని అడుగుతారు. నేను తుఫానుల గురించి చెబుతాను. తుఫాను కథలు చెప్పడం సులువు. అందులో తప్పంతా గాలిదే. కాని నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు గాలి లేని చోట, అల లేని చోట, ఎండ కాస్తున్న పూట జరిగింది. అది మీకోసం రాస్తున్నాను.

నేను మొదట కాకినాడలో చేపల బోట్ల ఇంజన్లు బాగుచేయడం నేర్చుకున్నాను. తరువాత సరుకు ఓడల మీద చేశాను. చివరి ఏళ్ళు మాత్రం ఒక యాట్ మీద గడిచాయి. యాట్ అనగానే సినిమాల్లో చూపించే విలాసాల బోటు అనుకోకండి. యాభై అడుగుల పొడవు, రెండు తెరచాపలు, గాలి లేనప్పుడు నడపడానికి ఒక ఇంజను, కింద వంగి నడవాల్సిన గదులు. అంతే. అది ఫ్రెంచి దంపతులది. ఆయన రిటైరైన ఇంజనీరు. ఇల్లు అమ్మేసి, ఆ పడవలోనే కాపురం పెట్టి, ఆవిడతో కలిసి దేశాలు చుట్టేవారు. మేము ఆయన్ని కెప్టెన్ గారు అనీ, ఆవిణ్ణి మదాం అనీ పిలిచేవాళ్ళం. పాండిచ్చేరిలో ఇంజను పాడై ఆగినప్పుడు ఫ్రెంచి వచ్చిన మెకానిక్ కోసం వెతికితే ఎవరో నా పేరు చెప్పారట. యానాం బడిలో బెత్తం దెబ్బలతో నేర్చుకున్న ఫ్రెంచి నాకు అలా అన్నం పెట్టింది.

తరువాతి ఏడు మదాంకి మోకాళ్ళ నొప్పులు మొదలై, వంటకు మనిషి కావాలన్నారు. మన యానాంలోని మెట్టకూరు నుంచి ఒకతన్ని నేనే తీసుకువెళ్ళాను. వాళ్ళ సొంత ఊరు అవతల తూర్పు గోదావరి పల్లె. రొయ్యల చెరువుల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. చెరువు గట్ల మీద కూలీలకు వండి వండి వంటవాడయ్యాడు. హిందువు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అన్నయ్యగారు అనేవాడు. ఆట పట్టించాలనుకున్నప్పుడు పాస్టరుగారు అనేవాడు. నేను పాస్టర్ని కాను, సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. అతనికి ఫ్రెంచి రాదు. ఇంగ్లీషులో ఎస్, నో, ఫిష్ అనే మూడు మాటలు వచ్చు. అందుచేత కెప్టెన్ గారు చెప్పేది అతనికి చేరాలన్నా, అతను అనేది ఆయనకు చేరాలన్నా, నా నోరొక్కటే దారి.

అట్లాంటిక్ సముద్రం దాటి పనామా కాలువ ఉత్తరపు మూతి దగ్గర లంగరు వేశాము. మన గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్ళకు ఆ కాలువ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తలుపులున్న గదిలోకి పడవ వెళ్తుంది, వెనక తలుపు మూస్తారు, నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. అక్కడా అంతే. కాకపోతే ఆ గదులు పెద్ద పెద్ద ఓడలు పట్టేంతవి. మూడు మెట్లు ఎక్కి ఒక సరస్సులోకి వెళ్ళాలి. సరస్సు దాటి మూడు మెట్లు దిగితే అవతల పసిఫిక్.

చిన్న పడవ వెళ్ళడానికి చాలా సిద్ధం చేసుకోవాలి. అధికారి వచ్చి పడవ కొలుచుకుపోయాడు. గోడకు కొట్టుకోకుండా పాత టైర్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టి రెండు పక్కలా వేలాడదీశాము. నూట పాతిక అడుగుల మోకులు నాలుగు తెచ్చాము. ఎందుకంటే గది మధ్యలో పడవను నాలుగు మూలల నుంచి నాలుగు తాళ్ళు పట్టి నిలపాలి. తాడు ఒక కొస పైన గట్టు మీది మనుషులు స్తంభానికి వేస్తారు. రెండో కొస పడవ అంచున తాడు కట్టడానికి ఉండే ఇనుప కొమ్ములకు చుట్టి, ఒక్కో తాడుకూ ఒక్కో మనిషి నిలబడాలి. నీళ్ళు పెరుగుతుంటే తాడు వదులవుతుంది, లాక్కుంటూ ఉండాలి. నీళ్ళు తగ్గుతుంటే తాడు బిగుస్తుంది, కొంచెం కొంచెంగా వదులుతూ ఉండాలి. చుక్కాని పట్టే కెప్టెన్ గారు కాక నలుగురు తప్పనిసరి. మదాం, నేను, మా వంటతను, ఆ పనే చేసుకు బతికే అక్కడి మనిషి ఒకడు. అలా నలుగురం అయ్యాము.

ఇందులో అసలు సంగతి ఒక్కటే. కొమ్ముకు తాడు చుట్టేటప్పుడు ఆఖరి చుట్టు మెలితిప్పి బిగించకూడదు. మామూలుగా రేవులో కట్టేటప్పుడు అలా మెలితిప్పి బిగిస్తాము, తాడు ఊడకుండా. లాకులో అలా చేస్తే, నీళ్ళు తగ్గేకొద్దీ పడవ బరువంతా ఆ తాడు మీద పడుతుంది. అప్పుడు మెలి విప్పడం మనిషి తరం కాదు. మా వంటతను రొయ్యల చెరువుల్లో ఏరేటర్లకు తాళ్ళు కట్టి వచ్చినవాడు. నీళ్ళలో చక్రాలు తిరిగే ఆ యంత్రాల తాడు గాలివానకు ఊడితే చెరువంతా పోతుంది. ఆఖరి మెలి వేయకుండా ముడి వేయడం అతని చేతికి తెలియదు. ఆ సంగతి నాకు తెలుసు. అతను పడవ మీద కూరగాయల బుట్ట కట్టినా ఆ మెలి వేసేవాడు.

మాకు సోమవారం మధ్యాహ్నం వంతు ఇచ్చారు. ముందురోజు ఆదివారం పొద్దున కాఫీ దగ్గర కెప్టెన్ గారు, "ఇవాళ అందరం ఒక గంట తాళ్ళ పని అభ్యాసం చేద్దాం. ముఖ్యంగా వంటతనికి కావాలి" అన్నారు.

"నేను ఆదివారం పని ముట్టను. మీకు తెలుసు కదా" అన్నాను.

సముద్రం మీద ఉన్నంతసేపు ఏ రోజైనా నా వంతు కాపలా కాసేవాణ్ణి. లంగరు వేసి ఉంటే మాత్రం ఆదివారం పనిముట్టు పట్టేవాణ్ణి కాను. చేరిన రోజే ఆ షరతు పెట్టాను, ఆయన ఒప్పుకున్నారు. దేవుడంటే ఆయనకు పెద్ద పట్టింపు లేదు కాని ఇచ్చిన మాటంటే ఉంది. కప్పు కింద పెట్టి, "సరే. రేపు పొద్దున నువ్వే అతనికి చూపించు. నేను చెబితే అర్థం కాదు" అన్నారు.

మధ్యాహ్నం నా పక్క మీద బైబిలు తెరిచి కూర్చుని ఉంటే మా వంటతను గరిటె చేత్తో పట్టుకుని వచ్చాడు.

"పాస్టరుగారూ, ఆ ముసలాయన పొద్దున్నించీ తాళ్ళకేసి చూపించి ఏదో అంటన్నాడండి. ఏంటంటారు?"

"రేపు చెప్తాలే. ఇవాళ ఆదివారం."

"చెప్పటం కూడా పనేనాండి?"

"పని గురించి చెప్పడం పనే."

"మరి నేను పొద్దున్నించీ పొయ్యి కాడే ఉన్నానండి. చేపల పులుసు తినరాండి మరి?"

"నువ్వు వండడం పని. నేను తినడం పని కాదు."

"ఆయ్! భలే ఉందండి మీ బేరం. పాపం నాకూ, పులుసు మీకూనా?"

ఇద్దరం నవ్వుకున్నాము. ఆ పూట నేను చదివిన అధ్యాయం ఏదో ఇప్పుడు గుర్తులేదు. పులుసు రుచి గుర్తుంది. విశ్రాంతి దినాన ఎద్దు గుంటలో పడితే తీయరా అని మన ప్రభువు అడిగిన సంగతి నేనే సండే స్కూల్లో ఏటేటా చెప్పేవాణ్ణి. నల్లబల్ల మీద ఎద్దు బొమ్మ కూడా వేసేవాణ్ణి. ఆ ఎద్దు నా ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడితే గుర్తుపట్టలేకపోయాను.

సోమవారం పొద్దున ఇంజను చల్లబరిచే నీళ్ళ పంపు కారడం మొదలుపెట్టింది. తలకిందులుగా వేలాడి దాన్ని బాగు చేస్తున్నాను. ఇంతలో దారి చెప్పడానికి కాలువవాళ్ళు పంపే సలహాదారు అనుకున్న వేళకు ముందే పడవ ఎక్కాడు. కెప్టెన్ గారు పైనుంచి కేకేశారు.

"వంటతనికి చూపించావా?"

నా చేతుల నిండా గ్రీజు. లోపల సిగ్గు. "అతనికి తెలుసు" అన్నాను.

రెండే మాటలు. చూపించాను అనలేదు కాబట్టి అబద్ధం కాదని ఆ క్షణంలోనే మనసు నాకు సర్దిచెప్పింది. వాక్యం చదివిన మనసుకు ఇలాంటి సర్దుబాట్లు తొందరగా తోస్తాయి, జాగ్రత్త.

ఆ మధ్యాహ్నం మూడు మెట్లూ ఎక్కాము. నీళ్ళు కింద నుంచి సుడులు తిరుగుతూ పొంగాయి. ఎక్కేటప్పుడు తాడు లాక్కోవడమే పని. మా వంటతను గట్టి మనిషి, "హైలెస్సా" అంటూ లాగుతుంటే సలహాదారు కూడా నవ్వాడు. పడవ గోడ వైపు జానెడు కూడా జరగలేదు. సరస్సులో లంగరు వేశాక కెప్టెన్ గారు అతని భుజం తట్టారు. నేను పైకే స్తోత్రం చెప్పాను. చూశారా, ఆదివారం అభ్యాసం చేయకపోయినా ప్రభువు దాటించాడు అనుకున్నాను. అంతేకాదు, ఆ మాటే సాక్ష్యంగా ఫోనులో రికార్డు చేసి మన సంఘం గ్రూపులో పెట్టడానికి సిద్ధం చేసుకుంటున్నాను.

మా వంటతను టీ తెచ్చి ఇచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, రేపు దిగేటప్పుడూ ఇంతేనాండి?"

"ఊఁ, ఇంతే. తాడు మాత్రం ఒదలకు."

నా సాక్ష్యం మధ్యలో ఆగిపోయింది కదా అని విసుగ్గా అన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు.

మంగళవారం సరస్సు దాటి దిగే లాకుల్లోకి వచ్చాము. ఎక్కేటప్పటి హోరు లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గట్టు మీద కొంగలు నిలబడి ఉన్నాయి. వెనక భాగంలో కుడి వైపు తాడు నాది, ఎడమ వైపు తాడు అతనిది, మధ్యలో చుక్కాని దగ్గర కెప్టెన్ గారు. ముందు మదాం, అక్కడి మనిషి. మొదటి గదిలో తలుపులు మూసుకున్నాయి. పడవ దిగడం మొదలైంది. నేను నా తాడు వదులుతున్నాను. కాసేపటికి పడవ ఎడమ పక్క కిందికి దిగకుండా వేలాడుతున్నట్టు తెలిసింది. తిరిగి చూశాను.

అతని తాడు వీణ తీగలా బిగుసుకుని ఉంది. కొమ్ముకు చుట్టి, ఆఖరి చుట్టు మెలితిప్పి, దాని మీద ఇంకొక మెలి వేసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఒదలకు అన్నాను కదా.

"ఒదులూ! తాడొదులూ!" అని అరిచాను.

"రావట్లేదండీ! బిగిసిపోయిందండీ!"

వంగి, మెలి కిందికి వేళ్ళు దూర్చి పీకబోయాడు. "చెయ్యి తియ్యి" అనే మాట నా నోట్లోనే ఉంది. తాడు ఒక్క అంగుళం జారి మళ్ళీ బిగుసుకుంది. అతను అరవలేదు. "అమ్మా" అని మామూలు గొంతుతో అన్నాడు. వేళ్ళు తాడుకూ ఇనుముకూ మధ్య ఉండిపోయాయి. పడవ ఇంకా దిగుతూనే ఉంది.

సలహాదారు రేడియోలో అరుస్తున్నాడు. లాకు ఆపడానికి కొంత సేపు పడుతుంది, ఆ సేపు మాకు లేదు. నా తాడు వదిలితే పడవ అడ్డంగా తిరుగుతుంది. దాన్ని కెప్టెన్ గారి చేతిలో పెట్టాను. మొలలోని కత్తి తీసి, కొమ్ము అవతల అతని తాడు మీద పెట్టాను. రెండు మూడు పోచలు తెగేసరికి మిగతాది తనంత తానే తెగి గోడ మీదికి ఎగిరింది. పడవ దబ్బుమని నిటారుగా పడింది. అతను నా మీద పడ్డాడు. ఇంత బరువైన మనిషి అని అప్పుడు తెలిసింది.

లాకులో పడవ ఆపి దిగడానికి వీలుండదు. చేతికి తువ్వాలు చుట్టాము. గదికీ గదికీ మధ్య మదాం వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంటే, అతని చోట సలహాదారు వేరే తాడు పట్టుకుని మిగతా రెండు మెట్లూ దింపించాడు. అవతల అంబులెన్సు నిలబడి ఉంది.

కుడి చేతి మధ్య వేలు, ఉంగరం వేలు మొదటి కణుపు దాకా తీసేశారు. వంటవాడి కుడి చెయ్యి.

మర్నాడు ఆసుపత్రిలో కెప్టెన్ గారు అతని మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మదాం కిటికీ దగ్గర నిలబడింది. ఆయన నా వైపు చూడకుండానే నాతో అన్నారు. "అతన్ని అడుగు. తాడు ఎలా చుట్టాలో నువ్వు చూపించావా అని."

నా తప్పు గురించిన ప్రశ్న నేనే మోసుకెళ్ళాలి. జవాబు నేనే మోసుకురావాలి. అడిగాను. మా వంటతను నా ముఖంలోకి చూశాడు.

"చూపించారని చెప్పెయ్యండి అన్నయ్యగారు. నా వేళ్ళెలాగూ పోయాయి. మీ ఉద్యోగం కూడా ఎందుకండి పోటం?"

నేను ఫ్రెంచిలో చెప్పాను. "చూపించాను అంటున్నాడు. మరిచిపోయాడట."

మరిచిపోయాడట అనేది అతను అనలేదు. అది నేను కలిపాను.

పేతురును తలుచుకుని ఏళ్ళ తరబడి పిల్లల ముందు నిట్టూర్చినవాణ్ణి. ఆయన చలిమంట దగ్గర భయపడి, ప్రభువునే ఎరుగనని అబద్ధమాడాడు. నేను ఏసీ గదిలో ఆడాను. పేతురు బయటికి వెళ్ళి ఏడ్చాడు. నేను బయటికి వెళ్ళి మందులు తెచ్చాను.

అతన్ని విమానంలో ఇంటికి పంపించారు. నేను ఆ పడవ మీద పసిఫిక్ దాటి ఇంకా రెండేళ్ళు చేశాను. కెప్టెన్ గారు నాతో పని మాటలు తప్ప ఎక్కువ మాట్లాడేవారు కాదు. నాకు వయసు మీదపడి చూపు తగ్గాక సెలవు తీసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. మా వంటతను మెట్టకూరులో కర్రీ పాయింటు పెట్టుకున్నాడని తెలిసి అతన్నీ పిలిచాను. వచ్చాడు, వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నేను బాగా చెప్పాను. ప్రభువు మమ్మల్ని మెట్టు మెట్టుగా ఎలా ఎత్తాడో, తాడు బిగుసుకున్న ఘడియలో నా చేతికి కత్తి ఎలా అందించాడో, ఒక సహోదరుని ప్రాణం ఎలా నిలిపాడో చెప్పాను. హల్లెలూయలు మోగాయి. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటూ అతను అన్నాడు. "బాగా సెప్పారండి. నేనక్కడే ఉన్నాను కదా, నాకే ఒళ్ళు జలదరించింది."

"దేవుని కృప" అన్నాను.

"అంతేనండి. మరి ఆ ముసలాయన మిమ్మల్ని అడిగిన మాట రాలేదేంటండి అందులో?"

వెక్కిరింపుగా అనలేదు. కూరలో ఒక దినుసు ఏమైందని అడిగినట్టు అడిగాడు. నేను నోరు తెరిచేలోగా, "షాపు తెరవాలండి, ఉంటాను" అని బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ వారం నాకు ప్రార్థన సాగలేదు. కెప్టెన్ గారికి ఉత్తరం రాశాను. చూపించలేదని, అడిగితే తెలుసన్నానని, ఆసుపత్రిలో జవాబు మార్చానని, అంతా రాశాను. దానికి జవాబు రాలేదు. చేరిందో లేదో తెలియదు. రావాలని అడిగే హక్కు కూడా నాకు లేదు.

తరువాతి ఆదివారం మళ్ళీ లేచి నిలబడ్డాను. పోయిన వారం చెప్పిన సాక్ష్యంలో సగమే చెప్పాను, మిగతా సగం ఇది అని చెప్పాను. ఈసారి హల్లెలూయ ఎవరూ అనలేదు. సండే స్కూలు పాఠం ఇకమీదట వేరేవాళ్ళకు ఇవ్వమని కూడా అడిగాను. మన సంఘం పాస్టరుగారు ఆలోచించి, "లేదు, మీరే చెప్పండి. ఎద్దు పాఠం మీరే చెప్పాలి" అన్నారు.

ఆరాధన కాగానే మెట్టకూరు వెళ్ళాను. అతను గిన్నెల వెనక నిలబడి మిగిలిన వేళ్ళతో కవర్లలో సాంబారు పోసి ముడివేస్తున్నాడు. జనం తగ్గేదాకా ఆగి, అంతా చెప్పాను. క్షమించమని అడిగాను.

"అందరి ముందూ సెప్పేశారాండి?"

"చెప్పాను."

"మీవోళ్ళేవన్నారు?"

"ఏమీ అనలేదు."

"ఏవంటారు లెండి, పాపం." గరిటె కడిగి పక్కన పెట్టాడు. "క్షమించటం అంటే ఎట్టాగో నాకు తెలీదండి. సలికాలంలో ఈ కణుపులు లాగుతాయి. అప్పుడు మిమ్మల్ని తిట్టుకుంటాను. తర్వాత మర్సిపోతాను. మళ్ళీ సలికాలం వస్తది. తాడు కోసింది కూడా మీరే కదండి. కొయ్యకపోతే చెయ్యే పోయేది. అదీ అబద్ధం కాదు. ఇకనించి సెప్పేటప్పుడు రెండూ సెప్పండి."

అతను చెప్పినట్టే ఇక్కడ రెండూ చెప్పాను.

ఓడలెక్కబోయే నా పిల్లలారా, మీ కింద పనిచేసే మనిషి వచ్చి ఏదైనా అడిగినప్పుడు మీరు వాక్యం చదువుతున్నా సరే, వేలు పేజీలో పెట్టి లేవండి. ప్రభువు ఆ పేజీ దగ్గరే ఉంటాడు, ఎక్కడికీ పోడు. ఇప్పుడు నాతో కలిసి తల వంచండి. మెట్టకూరులో ఉన్న ఆ మనిషి కోసం ప్రార్థించండి. వచ్చే చలికాలంలో అతని కణుపులకు నొప్పి తగ్గాలని, నొప్పి పుట్టినా నన్ను తిట్టుకునే హక్కు అతని దగ్గర నుంచి ఎవరూ తీసుకోకూడదని అడగండి. నాకోసం కూడా ఒక మాట అడగండి. ఇంకొకరి మాట నా నోటి మీదుగా వెళ్ళాల్సి వస్తే, అందులో నాది ఒక్క మాటైనా కలపకుండా ఆయన నన్ను కాపాడాలని.